మూగజీవుల వేసవి

రోహిణి కార్తెలో రోళ్ళు సైతము పగులునని తెలుగువారి నానుడి. ఆ యెండలలో మనుష్యునకు దప్పిక కలిగినచో నోరు తెరచి అడుగగలడు. అతని కొరకు ఊరూర చలివేంద్రములు వెలయుచుండును. కాని కొట్టములోని దూడ, చూరు క్రింది పిచ్చుక, అడవిలోని ఏనుగు ఎవరిని అడుగును? వీనికి సాయపడగోరు బాలబాలికలు ముందుగా ఒక సంగతి గ్రహింపవలెను. పెంపుడు జంతువునకు కావలసిన సాయము వేరు. అడవి జంతువునకు కావలసిన సాయము వేరు. మొదటిదానికి మన చేయి కావలెను. రెండవదానికి మనము దూరముగా నుండుటయే కావలెను. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములను చూచినచో ఈ భేదము చక్కగా తెలియును.

ఈ మూడు ఊళ్ళును రాయలసీమ దక్షిణపు కొసన, ఎత్తైన పీఠభూమిపై నున్నవి. మదనపల్లె సముద్రమట్టమునకు దాదాపు 700 మీటర్ల ఎత్తున నున్నది. దానికి చేరువనే చల్లని హార్సిలీ కొండలు కలవు. కావున కోస్తా ఊళ్ళలో వలె ఇచ్చట వడగాలి అంతగా వేధింపదు. అయినను ఇది వానలు తక్కువైన సీమ. వేసవి ముదిరిన కొలది చెరువులు ఎండును. బావులలో నీరు అడుగంటును. ఇచ్చటి మూగజీవులను ఎండకంటె నీటి కరవే ఎక్కువగా బాధించును.

పుంగనూరు పేరు చెప్పగానే పొట్టి ఆవు జ్ఞప్తికి వచ్చును. ఈ జాతి ఆవు ఎత్తు సాధారణముగా 70 నుండి 90 సెంటీమీటర్లు మాత్రమే. అది కొద్దిపాటి మేతతో బ్రతుకును, కరవును ఓర్చుకొనును, చిక్కని పాలనిచ్చును. ఒకప్పుడు అంతరించిపోవు స్థితికి వచ్చిన ఈ జాతిని పలమనేరు పశుపరిశోధన స్థానము సంరక్షించుచు వచ్చినది. కాని ఓర్పుగల పశువని దానిని మండుటెండలో కట్టివేయుట తగదు. పెద్ద పాడియావు వేసవి దినమున 50 లీటర్లకు పైగా నీరు త్రాగును. కాబట్టి తొట్టిలో నీరు ఎల్లప్పుడును ఉండవలెను. మేత జీర్ణమగునపుడు పశువు ఒడలిలో వేడి పుట్టును. అందుచేత జొన్నచొప్ప గాని వేరుసెనగ కట్టె గాని తెల్లవారుజామునను, ప్రొద్దు వాలిన పిదపను వేయుట మేలు. గేదె చర్మము నల్లనిది. దానికి చెమట పట్టుటయు తక్కువ. అందువలననే అది మడుగును వెదకుకొనును. మడుగు లేనిచో రోజునకు రెండు మూడు మారులు దాని ఒంటిపై నీళ్ళు చల్లవలెను.

కుక్కకు పాదముల అడుగున తప్ప ఇంచుమించు చెమట పట్టదు. అది నాలుక చాచి రొప్పుట ఒడలి వేడిని పోగొట్టుకొనుటకే. ప్రొద్దుట నీడయున్న చోట కట్టిన కుక్క మధ్యాహ్నమునకు ఎండలో నుండును; నీడ కదలునని కట్టినవారు మరచిపోవుదురు. రేకుల కప్పు క్రింద కట్టుటయు, కాలిన తారురోడ్డుపై నడిపించుటయు మంచివి కావు. విపరీతముగా రొప్పుచు, చొంగ కార్చుచు, తూలి పడినచో దానికి వడదెబ్బ తగిలినదని తెలియవలెను. వెంటనే నీడకు చేర్చి, ఒడలిని చల్లని నీటితో తడిపి విసరవలెను. మంచునీళ్ళు పోయరాదు. స్పృహలేని జంతువు నోట బలవంతముగా నీరు పోసినచో అది ఊపిరితిత్తులలోనికి పోవును. ఇంతలో పెద్దవారు పశువైద్యునికి కబురు పంపవలెను.

పక్షులకు స్వేదగ్రంథులే లేవు. అవి ముక్కు తెరచి గొంతు అదరించుచు వేడిని వెడలగొట్టును. వీనికొరకు మిద్దెపై గాని చెట్టునీడను గాని మట్టి మూకుడులో నీరుంచవలెను. మూకుడు లోతుగా నుండరాదు. నడుమ ఒక రాయి వేసినచో చిన్న పిట్టలును, తేనెటీగలును మునిగిపోక దానిపై వ్రాలి నీరు త్రాగును. పిల్లి పొంచియుండు పొదల చెంత దాని నుంచరాదు. ప్రతిదినము మూకుడు కడిగి నీరు మార్చవలెను. లేనిచో దోమలు పెరుగును. పైరుమందు డబ్బాలను ఎన్నిమార్లు కడిగినను అవి నీటి పాత్రలుగా పనికిరావు.

మదనపల్లె చెంతనున్న ఋషివ్యాలీ ఇంకొక మార్గమును చూపుచున్నది. మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి నెలకొల్పిన పాఠశాల అచ్చట నున్నది. బోడియైన ఆ లోయలో ఏండ్ల తరబడి చెట్లు పెంచి, వాననీటిని నిలిపిరి. నేడు అచ్చట 200కు పైగా పక్షిజాతులు కానవచ్చుచున్నవి. మూకుడు ఒక వేసవికి, చెట్టు అనేక వేసవులకు ఉపకరించును.

ఇక దూరము పాటింపవలసిన చోట్లు కలవు. ఈకలు వచ్చిన పక్షిపిల్ల నేలపై గెంతుచుండగా చూచి, జాలితో దానిని ఇంటికి తెచ్చు పిల్లలు కలరు. చాలమారులు దాని తల్లి ప్రక్క కొమ్మ మీదనే యుండును. తెచ్చిన పిల్ల రెండుమూడు దినములలో చచ్చును. పిల్లులు రాకుండ చూచి, దానిని సమీపపు కొమ్మపై నుంచి తొలగిపోవుటయే నిజమైన సాయము. రామచిలుకను పంజరములో నుంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము. కనుమ దారులలో కోతులకు తినుబండారములు విసరినచో అవి రోడ్డునకు అలవాటుపడి వాహనముల క్రింద పడును.

ఈ దూరము మిక్కిలి అవసరమైన చోటు కుప్పము. ఆ ప్రాంతమునను, పలమనేరు వైపునను వ్యాపించిన అడవులు 1990లో కౌండిన్య అభయారణ్యము అయినవి. చిరకాలము ఏనుగులే లేని ఈ అడవులకు 1980 ప్రాంతమున తమిళనాడు, కర్ణాటక వైపుల నుండి అవి వలసవచ్చినవి. ఏనుగు దినమునకు నూరు లీటర్లకు మించి నీరు త్రాగును. వేసవిలో అడవి మడుగులు ఎండగా, అది చెరువులను, చెరకు, అరటి తోటలను వెదకుచు వచ్చును. ఒక్క రాత్రిలో రైతు ఏడాది కష్టము నేలపాలగును. ఏనుగుల పాలబడి మనుష్యులు మరణించిరి. పొలములచుట్టు పెట్టిన విద్యుత్తీగలు తగిలి ఏనుగులును మరణించినవి. ఇందు రైతు దుష్టుడు కాడు; ఏనుగును దుష్టము కాదు. ఇరువురికిని నీరే ఆధారము.

అటవీశాఖవారు అడవిలో నీటి తొట్లు కట్టించుట, కందకములు త్రవ్వించుట ఇందుకే. 2025లో కర్ణాటక ప్రభుత్వము శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చినది. అడవి ఏనుగులను పొలముల నుండి మరల్చుటకు అవి తోడ్పడును. ఈ పనులు పిల్లలవి కావు. ఏనుగు వచ్చెనని వినగానే గుంపుగా పరుగెత్తక, రాళ్ళు రువ్వక, ఫోటోలకు ఎగబడక, ఇంట నుండి పెద్దల ద్వారా అటవీశాఖకు తెలుపుట వారి పని. మునిమాపు వేళ అడవి అంచు చెరువులకు పోకుండుటయు, ఎండుగడ్డిలో నిప్పు పడనీయకుండుటయు వారి పనులే.

ఇంటి దూడకు బకెట్టు నిండ నీరు మోసిన బాలుడును, ఏనుగును చూడ పరుగెత్తబోవు తమ్ముని చేయిపట్టి ఆపిన బాలికయు ఒకే ధర్మమును ఆచరించినవారు. దయ అందరి హృదయములలోను కలదు. ఏ ప్రాణికి ఎట్టి సాయము కావలెనో తెలిసికొన్నప్పుడే ఆ దయ ఫలించును.