గుండెపోటు వచ్చినవారు మాత్ర మానరాదు

గుండెపోటు నుండి కోలుకొని ఇల్లు చేరినవారు, నలత కనబడకపోవుటచే మాత్రలు మానివేయుట మన గ్రామములలో చూచుచున్నాము. ఇది మిగుల ప్రమాదకరము.

రక్తములోని కొలెస్టరాలు అను కొవ్వు ధమనుల గోడలలో చేరును. దానిని తొలగింపవచ్చిన రక్తకణములు అచ్చటనే చిక్కుకొనగా గోడలో వాపు పుట్టును. దీనిని వైద్యులు శోథ అందురు. అట్టి గోడ పగిలినచోట నెత్తురు గడ్డకట్టి దారిని మూయును, అదియే గుండెపోటు. అంతవరకు నొప్పి యుండకపోవచ్చును.

స్టాటిన్ మాత్రలు కాలేయములో కొలెస్టరాలు తయారగుటను తగ్గించును; శోథను సైతము కొంత శమింపజేయును. 4,444 మంది హృద్రోగులపై ఉత్తర ఐరోపాలో అయిదేండ్లకు పైగా జరిగిన పరిశీలన ఫలితములు 1994లో వెలువడినవి. రోగులను రెండు దాదాపు సమాన భాగములు చేసిరి. మందు లేని మాత్ర మ్రింగినవారిలో 256 మంది, సింవాస్టాటిన్ మ్రింగినవారిలో 182 మంది మరణించిరి.

శోథను మాత్రమే అణచిన చాలునా? 2017లో కెనకినుమాబ్ అను సూదిమందు, కొలెస్టరాలును తగ్గింపకయే, గుండెపోట్లను కొంత తగ్గించినట్లు తేలినది. కాని సూక్ష్మక్రిముల వ్యాధులతో మరణించినవారు హెచ్చిరి. గౌట్ అను కీళ్లవాపునకు వాడు కాల్చిసిన్ 2019, 2020 పరిశీలనలలో మేలు చేసినది. 2024 నాటి పెద్ద పరిశీలనలో మేలు కనబడలేదు. కావున స్టాటినుకు బదులుగా దానిని వాడరాదు.

ఈ కాల్చిసిన్ మన పొదలలో పూచు అడవినాభి దుంపలోను కలదు. ఆ పరిశీలనలలో వాడినది చాలవరకు రోజునకు అర మిల్లీగ్రాము మాత్రమే. దుంపలో ఎంత యున్నదో ఇంట కొలుచుట అసాధ్యము. దానిని తిని ప్రాణములు కోల్పోయినవారు కలరు. గుండెకు మంచిదని ఎవరు నూరి ఇచ్చినను పుచ్చుకొనవలదని సభ్యులు ఇంటింట చెప్పవలెను.

స్టాటిన్ వలన కండరముల నొప్పి కలిగినచో వైద్యునితో చెప్పవలెను. మోతాదునో మందునో మార్చెదరు. ఖర్చుకు వెరచువారికి జన ఔషధి దుకాణములలో అటోర్వాస్టాటిన్ చౌకగా లభించును.