ఉరుము మనది, సీసా వాళ్లది

కోకాకోలా వెళ్లిపోతే పుట్టింది. కోకాకోలా తిరిగొచ్చి కొనేసింది. అయినా థమ్స్ అప్ తెలుగువాడి నాలుక మీద చెక్కుచెదరలేదు

ఛత్తీస్‌గఢ్‌లోని దోర్నపాల్ తెలుగు నేల కాదు. అలాగని తెలుగుకు దూరమూ కాదు. సుక్మా నుంచి 30వ నెంబరు జాతీయ రహదారి పట్టుకుని ఈ ఊరు దాటి దక్షిణంగా వెళ్తే కోంటా, శబరి నది, ఆపైన ఆంధ్రప్రదేశ్. 2006లో సల్వాజుడుం శిబిరంతో దేశమంతటికీ తెలిసిన ఊరిది. ఈ ప్రాంతపు కోయ, దోర్ల కుటుంబాలు ఎండను తట్టుకునేది రాగి జావతో. అడవికి వెళ్లేవాళ్లు దాన్ని సొరబుర్రలో పోసుకెళ్తారు. ఆ జావకు కంపెనీ లేదు, ప్రకటనల ఖర్చూ లేదు. గ్యాసు పానీయానికి ఆ రెండూ లేకపోతే బతుకే లేదు. శబరికి ఇవతల, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ఆ రెంటినీ బాగా వాడుకున్న పానీయం థమ్స్ అప్. దేశంలో దానికున్న అతి పెద్ద మార్కెట్లలో ఇదొకటి.

దాని పుట్టుకకు కారణం రుచి కాదు, చట్టం. 1973 నాటి విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం ప్రకారం విదేశీ కంపెనీలు భారతీయ శాఖల్లో తమ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలి. 1977లో గద్దెనెక్కిన జనతా ప్రభుత్వంలో పరిశ్రమల మంత్రి జార్జి ఫెర్నాండెజ్ ఈ విషయంలో పట్టుబట్టారు. వాటాతోపాటు ఫార్ములా గుట్టు కూడా వదులుకోవాల్సి వస్తుందని కోకాకోలా మూటాముల్లె సర్దుకుంది.

ఆ ఖాళీని నింపడానికి సర్కారే కోలా వ్యాపారంలోకి దిగడం ఈ కథలో వినోదభరితమైన ఘట్టం. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ ఫార్ములా తయారు చేసింది. రొట్టెలు అమ్ముకునే ప్రభుత్వ రంగ మోడర్న్ బేకరీస్ సీసాలో నింపింది. జనతా గెలిచిన ఏడాది గుర్తుగా 'డబుల్ సెవెన్' అని పేరు పెట్టారు. ఎన్నికల ఫలితాన్ని సీసాలో పోసి అమ్మాలన్న ఆలోచన ఎవరిదో కానీ, 1980లో ప్రభుత్వం మారాక ఆ పానీయమూ నీరుగారిపోయింది. ప్యూర్ డ్రింక్స్ వారి కాంపా కోలా ఎక్కువ కాలం నిలిచింది. అందరినీ మించి దూసుకెళ్లింది మాత్రం పార్లే సంస్థకు చెందిన చౌహాన్ సోదరులు 1977లోనే తెచ్చిన థమ్స్ అప్. కోకాకోలా కంటే తీపి తక్కువ, ఘాటు ఎక్కువ, గ్యాసు ఇంకా ఎక్కువ. గుంటూరు కారానికీ, హైదరాబాద్ బిర్యానీకీ అలవాటుపడిన నాలుకకు అది చప్పగా అనిపించకపోవడంలో ఆశ్చర్యమేముంది?

నిజానికి తెలుగు నేలకు సోడా కొత్త కాదు. గోదావరి జిల్లాలోని రామచంద్రపురంలో అద్దూరి రామచంద్రరాజు 1919లోనే ఈ వ్యాపారం మొదలుపెట్టారు. ఎ.ఆర్.రాజు టానిక్స్ అన్న మాటల్లోంచి పుట్టిన 'ఆర్టోస్' పేరు గోదావరి జిల్లాల్లో ఇంటి పేరైపోయింది. నూరేళ్లు దాటినా అది ఆ కుటుంబం చేతిలోనే ఉంది. థమ్స్ అప్‌కు ఆ యోగం పట్టలేదు. 1990లో పెప్సీ వచ్చింది. 1993లో కోకాకోలా ఆగ్రా నుంచి పునఃప్రవేశం చేసింది. మార్కెట్లో సగానికిపైగా వాటా ఉన్న రమేష్ చౌహాన్ ఆ ఏడాదే థమ్స్ అప్, లిమ్కా, గోల్డ్ స్పాట్, సిట్రా, మాజాలను కోకాకోలాకు అమ్మేశారు. నీళ్ల వ్యాపారం బిస్లరీని మాత్రం ఉంచుకున్నారు.

కొన్న కొత్తలో కోకాకోలా తన సొంత సరుకును ముందుకు తోసి థమ్స్ అప్‌ను పక్కన పెట్టింది. గోల్డ్ స్పాట్ అలాగే కనుమరుగైంది. కానీ థమ్స్ అప్ దొరకనివాడు కోక్ తాగుతాడన్న నమ్మకం లేదు, పెప్సీ పట్టుకోవచ్చు. లెక్క తిరగబడేసరికి కంపెనీ మళ్లీ ఉరుము శబ్దాన్ని పెంచింది. తెలుగునాట ఆ పోరు సినిమా రంగాన్నీ చీల్చింది: చిరంజీవి థమ్స్ అప్ పక్షం, 2001లో తమ్ముడు పవన్ కల్యాణ్ పెప్సీ పక్షం. తర్వాత మహేష్‌బాబు వంతు వచ్చింది.

2003 ఆగస్టులో ఢిల్లీలోని విజ్ఞాన, పర్యావరణ కేంద్రం బాంబు పేల్చింది. కోకాకోలా, పెప్సీ కంపెనీల 12 రకాల పానీయాల్లో పురుగుమందుల అవశేషాలున్నాయని ప్రకటించింది. శరద్ పవార్ నాయకత్వంలోని సంయుక్త పార్లమెంటరీ సంఘం 2004 ఫిబ్రవరిలో ఆ ఫలితాలు సరైనవేనని తేల్చింది. పొలాల్లో చల్లిన మందు భూగర్భ జలాల్లోకి, అక్కడి నుంచి సీసాలోకి చేరిందన్నమాట. అదే ఏడాది చివర్లో సీసాయే పొలానికి ప్రయాణం కట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో పత్తి మీద, ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్, రాజ్‌నంద్‌గావ్ ప్రాంతాల్లో వరి మీద రైతులు కోలా పిచికారీ చేస్తున్నారని వార్తలొచ్చాయి. పురుగుమందు కంటే చవక అన్నది వారి వాదన. కోలాలో పురుగును చంపే గుణమేదీ లేదని కంపెనీలు కొట్టిపారేశాయి. పంచదారకు చీమలు చేరి పురుగు లార్వాలను తినేస్తాయన్నది కొందరు శాస్త్రవేత్తల వివరణ. అదే నిజమైతే బెల్లం నీళ్లూ సరిపోతాయి. నవ్వుకోవడానికి బాగానే ఉన్నా, పురుగుమందు కొనలేక శీతల పానీయం కొన్న రైతు పరిస్థితి నవ్వుకునేది కాదు.

థమ్స్ అప్‌కు దీంతో పోయిందేమీ లేదు. 2021లో దాని అమ్మకాలు వంద కోట్ల డాలర్లు దాటాయి. ఆ పేరు మీద వచ్చే లాభం అట్లాంటా ఖాతాలో పడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి గ్యాసు పానీయాలపై జీఎస్టీ 40 శాతం. ఇక పాత ప్రత్యర్థి కాంపాను 2022లో రిలయన్స్ కొని, మరుసటి ఏడాది మార్కెట్లోకి దించింది. 200 మిల్లీలీటర్ల సీసా ధర 10 రూపాయలు.