పరిహారంలో లేని పన్నెండు గంటలు

0.07. మన దేశంలో లక్ష మందికి ఉన్న సైకాలజిస్టులు ఇంతేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 నాటి మానసిక ఆరోగ్య అట్లాస్‌లో లెక్క కట్టింది. సంగారెడ్డి జిల్లా జనాభా 2011 జనగణనలో 15.27 లక్షలు. రెండూ గుణిస్తే ఒకటి మీద పిసరు వస్తుంది. జహీరాబాద్ చెరకు పొలాల నుంచి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం ఫ్యాక్టరీల దాకా అందరికీ కలిపి సగటున దక్కేది ఒక్క సైకాలజిస్టు. ఆ జనగణన తర్వాత ఒడిశా, బిహార్‌ల నుంచి వచ్చి ఇస్నాపూర్ అద్దె గదుల్లో సర్దుకున్న కార్మికులు ఈ లెక్కలోకే రారు.

ఆ ఒక్క మనిషి చేతిలో ఎన్ని గంటలుంటాయి? మనసు గాయాల మీద పనిచేసేవాళ్లకు రోజుకు ఐదు సెషన్లు దాటితే పని పలచబడుతుంది. పరీక్షలు, రాతపని, కుటుంబాలతో మాటలు వేరే ఉంటాయి. వారానికి 25 సెషన్లు, ఏడాదికి 48 వారాలు వేసుకుంటే 1,200 గంటలు. ఈ అంకె గుర్తుంచుకుంటే మిగతా లెక్కలు తేలిగ్గా అర్థమవుతాయి.

2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలోని సిగాచీ ఇండస్ట్రీస్‌లో పేలుడు జరిగింది. ఆ సమయానికి లోపల 143 మంది ఉన్నారని అధికారులు చెప్పారు. మృతులు 54 మంది. వారిలో 46 మందిని గుర్తించగలిగారు, చాలామందిని డీఎన్ఏ పరీక్షలతోనే. మిగిలిన 8 మంది ఆనవాళ్లు దొరకలేదు. మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున పరిహారం ప్రకటించారు.

బతికి బయటపడినవాళ్లు 89 మంది. వీళ్లందరికీ మనసు చెదిరిపోయి ఉంటుందనుకుంటాం. అంకెలు అలా చెప్పవు. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు భయంకరమైన ఘటనను ఎదుర్కొనేవాళ్లు ప్రపంచంలో సుమారు 70 శాతం మంది అయితే, వాళ్లలో పీటీఎస్‌డీ (ఘటన తర్వాత వెంటాడే మానసిక జబ్బు) దాకా వెళ్లేది 5.6 శాతం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మొదటి వారాల్లో నిద్ర పట్టకపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, అన్నం సయించకపోవడం జబ్బు కాదు. అంత పెద్ద దెబ్బకు ఒళ్లూ మనసూ ఇచ్చే జవాబు అది. నెల దాటినా కళ్లు మూస్తే అదే మంట కనిపిస్తుంటే, ఫ్యాక్టరీ వైపు వెళ్లే ఆటో ఎక్కలేకపోతుంటే, అప్పుడే దానికి పీటీఎస్‌డీ అని పేరు పెడతారు. ఈ ఒక నెల నియమం తెలియక రెండు తప్పులు జరుగుతున్నాయి. ఒకటి, ‘జడుసుకున్నడు’ అని తాయెత్తు కట్టించి ఏళ్ల తరబడి వదిలేయడం. రెండోది చదువుకున్నవాళ్లు చేసేది: మర్నాడే కౌన్సెలర్లను పంపి, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పించడం. అలాంటి ఒక్క పూట ‘డీబ్రీఫింగ్’ పీటీఎస్‌డీని ఆపదు కాబట్టి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది.

ట్రామాను, అంటే మనసు గాయాన్ని, అర్థం చేసుకుని చేసే చికిత్స ఇక్కడే వేరు పడుతుంది. మొదటి సెషన్‌లో కథ అడగరు. తలుపు దగ్గర కూర్చుంటారా, కిటికీ దగ్గరా అని అడుగుతారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపొచ్చని చెప్పి, నిజంగానే ఆపుతారు. నిద్ర, ఊపిరి, రోజువారీ పని కాస్త గాడిన పడ్డాకే జ్ఞాపకం జోలికి వెళతారు. బ్రిటన్‌లో చికిత్సా ప్రమాణాలు చెప్పే నైస్ సంస్థ 2018 మార్గదర్శకాల్లో పీటీఎస్‌డీకి ట్రామా కేంద్రంగా సాగే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ మామూలుగా 8 నుంచి 12 సెషన్లు. పెద్ద అంకే తీసుకుందాం, 12.

ఆనవాళ్లు దొరకని ఎనిమిది మంది కుటుంబాలది మరో లెక్క. పాడె లేదు, చితి లేదు, అస్థికలు లేవు. చనిపోయాడని కాగితం చెబుతుంది. తల్లి మనసు ఒప్పుకోదు, ఎక్కడో ఆస్పత్రిలో పేరు తెలియని మనిషిగా ఉన్నాడేమో అంటుంది. అమెరికన్ కుటుంబ చికిత్స నిపుణురాలు పౌలిన్ బాస్ 1970లలోనే ఇలాంటి దుఃఖం మీద పనిచేశారు. ఈ ఇళ్లలో ఒకరు దినం చేద్దామంటే మరొకరు చేసేవాళ్ల మీద కోపం పెంచుకుంటారు. అందుకే చికిత్స ఒక్కరికి కాదు, ఇంటిల్లిపాదికీ కలిపి చేయాలి. అందరూ ఒకే మాట మీదకు రావాలని పట్టుబట్టరు. దశదినకర్మ చేసిన తమ్ముడూ, ఇంకా ఎదురుచూస్తున్న తల్లీ ఒకే ఇంట్లో ఉండగలిగేలా చూడటమే అక్కడ పని.

ఇప్పుడు కూడదాం. ప్రాణాలతో ఉన్నవాళ్లు 89. మృతుల ఇళ్లలో ఇంటికి నలుగురు చొప్పున 216. మొత్తం 305. 5.6 శాతం సరిపోదనుకుని, ఐదుగురిలో ఒకరికి పూర్తి చికిత్స కావాలని ఉదారంగా వేసుకుందాం. 61 మంది. మనిషికి 12 గంటలు, 732 గంటలు. ఒక్క సైకాలజిస్టుకు ఏడు నెలల పని. గంటకు 1,500 రూపాయలు అనుకుంటే ఖర్చు 11 లక్షల లోపే. మృతుల కుటుంబాలకు ప్రకటించిన 54 కోట్ల పక్కన పెడితే వెయ్యి రూపాయలకు రెండు రూపాయలు. ఇది నేను వేసిన అంచనా. రెట్టింపు చేసినా నాలుగు రూపాయల దగ్గరే ఆగుతుంది.

కాబట్టి డబ్బు లేదనడం కుదరదు. అడ్డం పడేది వేరే. బాధితుల్లో చాలామంది సొంతూళ్లకు వెళ్లిపోతారు, ఉన్నవాళ్లు షిఫ్టు వదిలి వారం వారం రాలేరు. ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కింద జబ్బు సెలవుకు ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. అంతకన్నా ఎక్కువ కాలం 80 శాతం ఇచ్చే 34 దీర్ఘవ్యాధుల జాబితాలో స్కిజోఫ్రేనియా వంటివి ఉన్నాయి, పీటీఎస్‌డీ పేరు లేదు. భాష సంగతి చెప్పనక్కర్లేదు, భోజ్‌పురిలో ఏడ్చే మనిషికి ఇంగ్లిష్‌లో రాసిన ఫారం ఇస్తే ఏం లాభం? ఈ లోటులో కొంత పూడ్చేది 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్ హెల్ప్‌లైన్. 14416కి ఎక్కడి నుంచైనా ఏ వేళలోనైనా ఉచితంగా చేయొచ్చు. తెలుగు, హిందీ, ఒడియా సహా 20 భాషల్లో పలుకుతుంది.

పేలుడు బాధితుల్ని దాటి జిల్లా పిల్లల దగ్గరికి వస్తే లెక్క తలకిందులవుతుంది. 2 నుంచి 9 ఏళ్ల పిల్లల మీద దేశంలో ఐదు చోట్ల చేసిన ఇన్‌క్లెన్ అధ్యయనం 2018లో వెలువడింది. ఆ ఐదింటిలో హైదరాబాద్ ఒకటి. 3,964 మంది పిల్లల్ని చూస్తే సుమారు ఎనిమిది మందిలో ఒకరికి మెదడు ఎదుగుదలకు సంబంధించిన ఏదో ఒక తేడా ఉంది: ఆటిజం, ఏడీహెచ్‌డీ, వినికిడి లోపం, మూర్ఛ, చదువులో ప్రత్యేక ఇబ్బంది, ఇలా. సంగారెడ్డి జిల్లాలో ఆ వయసువాళ్లు రెండు లక్షల మంది అనుకుంటే, ఆ నిష్పత్తిలో 25 వేలు. మనిషికి 12 గంటలంటే మూడు లక్షల గంటలు. మన ఒక్క సైకాలజిస్టుకు 250 ఏళ్లు.

ఇక్కడ గది తలుపు మూసి చేసే థెరపీ సరిపోదు. ఇంటివాళ్లకు నేర్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తల్లిదండ్రుల కోసం రూపొందించిన శిక్షణలో తొమ్మిది గుంపు సమావేశాలు, మూడు ఇంటి సందర్శనలు ఉంటాయి. వైద్యులే కానక్కర్లేదు, శిక్షణ పొందిన స్థానికులు నడపొచ్చు. మన అంగన్‌వాడీ టీచర్లకు ఇది చేతకాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. గుర్తించే పనిముట్టు మన దగ్గరే పుట్టింది. దేశమంతటా ఆటిజం ధ్రువపత్రాలకు వాడుతూ వచ్చిన ‘ఈసా’ స్కేలును సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ తయారుచేసింది. ఇప్పుడు ఆ సంస్థ పేరు నీపిడ్. 40 అంశాలు, 40 నుంచి 200 మార్కులు, 70, ఆపైన వస్తే ఆటిజం. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం, చదువు ఇబ్బందులు ఉన్నాయి. ఏడీహెచ్‌డీ లేదు, ఆ పిల్లాడు బడిలో ‘అల్లరోడు’గానే మిగిలిపోతున్నాడు.

పిల్లాణ్ని మార్చడం కన్నా చుట్టూ ఉన్నవి సర్దడం, మెదడు తీరు వేరైన న్యూరోడైవర్జెంట్‌లకు అనువైన చికిత్సలో ముందుంటుంది. కళ్లలోకి చూడమని బలవంతం ఉండదు. చేతులు ఆడిస్తే ఆపరు. ట్యూబ్‌లైటు ఇబ్బంది పెడితే తీసేస్తారు. రేపేం జరుగుతుందో బొమ్మలతో ముందే చెబుతారు. నీ పెంపకమే బాగాలేదని తల్లిని నిందించడం అక్కడ కుదరదు.

ట్రామా, ఆటిజం రెండు దారులూ కలిసే చోటే అనుభవమున్న క్లినికల్ సైకాలజిస్టు అవసరం. ఇజ్రాయెల్‌లో 2020లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో ఆటిజం ఉన్న 25 మంది పెద్దవాళ్లలో 8 మందిలో పీటీఎస్‌డీ లక్షణాలు కనిపించాయి. ఆటిజం లేని 25 మందిలో ఒక్కరిలోనే. నమూనా చిన్నదే అయినా తేడా కొట్టిపారేసేది కాదు. సైరన్ మోగితే చెవులు మూసుకునే పిల్లాడు పుట్టుక నుంచి అంతేనా, నాన్న పోయిన రోజు నుంచా? పైకి ఒకేలా కనిపిస్తుంది, చికిత్స వేరు. ఆ తేడా పట్టడానికి పీజీ మీద రెండేళ్ల ఎం.ఫిల్ వంటి క్లినికల్ శిక్షణ, రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటాయి. బోర్డు మీద ‘సైకాలజిస్ట్’ అని ఉంటే చాలదు, రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అడిగితే చిన్నబుచ్చుకునేవాళ్ల దగ్గరికి వెళ్లకండి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం, అమల్లోకి వచ్చిన పదేళ్లలో నిపుణుల సంఖ్యను అంతర్జాతీయ ప్రమాణాలకు చేర్చేందుకు ప్రభుత్వాలు ప్రయత్నించాలి. చట్టం 2018లో అమలైంది, గడువు 2028. అప్పటిదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కార్మిక సంఘాలు ఇకపై ఏ ప్రమాదంలోనైనా పరిహారం మాట్లాడేటప్పుడు ఒక్క వాక్యం రాయించాలి: బాధితులకూ కుటుంబాలకూ, వాళ్ల భాషలో, జీతం కోత లేకుండా, మనిషికి పన్నెండు గంటల చికిత్స.