ఆటోనగర్: సేఫ్టీ కళ్లజోడు డబ్బులు జీతంలో కట్ చేస్తున్నారా..? రూల్ ఏం చెబుతోందంటే..

విజయవాడ ఆటోనగర్‌లో ఏ రోడ్డులోకి వెళ్లినా వెల్డింగ్ మెరుపులు, గ్రైండర్ నిప్పురవ్వలే. లారీ బాడీ షెడ్లు, డెంటింగ్, పెయింటింగ్, లేత్ పనులు.. అన్నీ పక్కపక్కనే. కానీ కంటికి అద్దం పెట్టుకోని వాళ్లు కనిపిస్తూనే ఉంటారు. అదేమని అడిగితే, డబ్బులెవరు పెట్టాలన్న దగ్గరే మాట ఆగిపోతుంది.

డబ్బులు ఎవరివి?

ఓనర్‌వే. ముక్కలు ఎగిరిపడే పనిలో, కంటికి హాని చేసే వెలుగు వచ్చే పనిలో తగిన అద్దాలు ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షన్ చెప్పింది. అందుకోసం కార్మికుడి దగ్గర పైసా వసూలు చేయకూడదని 114వ సెక్షన్ స్పష్టం చేసింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లోనూ ఇదే మాట ఉంది. ఇది సాధారణంగా 10 మంది, ఆపైన పనిచేసే సంస్థలకు వర్తిస్తుంది.

మరి ఇద్దరు ముగ్గురితో నడిచే షెడ్ల సంగతి? అక్కడే అసలు చిక్కు. పనిలో చేరేటప్పుడే ఈ మాట తేల్చుకోండి. గ్రైండింగ్ వీల్, వెల్డింగ్ రాడ్ హెల్పర్ జేబులోంచి కొనరు కదా.. కళ్లజోడు కూడా అలాంటి షెడ్డు ఖర్చే!

ఏ పనికి ఏది?

* గ్రైండింగ్: పక్కలు కూడా మూసి ఉండే తెల్లద్దాల కళ్లజోడు. మామూలువి వంద, నూటయాభైలో దొరుకుతాయి.
* ఆర్క్ వెల్డింగ్: సాధారణంగా 10, 11 నంబర్ షేడ్ నల్లద్దం. కూలింగ్ గ్లాసెస్ పనికిరావు. పక్కన పట్టుకునే హెల్పర్‌కూ అద్దం ఉండాల్సిందే. పగలు చూసిన వెలుగుకి, రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది.
* స్ప్రే పెయింటింగ్: కర్చీఫ్ గానీ, దుమ్ము మాస్క్ గానీ థిన్నర్ ఆవిరిని ఆపవు. కెమికల్ ఆవిరికి పనికొచ్చే కార్ట్రిడ్జ్ మాస్క్ కావాలి.
* లేత్, డ్రిల్లింగ్: తిరిగే మెషీన్ దగ్గర గ్లౌజులు వద్దు. చిక్కుకుంటే చెయ్యే లాగేస్తుంది.

ఒరిజినలేనా?

సేఫ్టీ షూ మీద ఐఎస్ 15298, బైక్ హెల్మెట్ మీద ఐఎస్ 4151, దాంతోపాటు ఐఎస్ఐ మార్క్ చూడండి. మార్క్ కింద సీఎం/ఎల్ అని ఒక నంబర్ ఉంటుంది. ఫోన్‌లో 'బీఐఎస్ కేర్' యాప్‌లో ఆ నంబర్ కొడితే కంపెనీ పేరు వస్తుంది. పేరు కలవకపోతే అక్కడే వదిలేయండి.

కంట్లో ఇనుప రజను పడితే..

రుద్దొద్దు. పక్కవాళ్లతో గుడ్డతోనో, సూదితోనో తీయించుకోవద్దు. వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నెల జీతం రూ.21 వేలు దాటకుండా, 10 మంది, ఆపైన ఉన్న చోట పనిచేస్తుంటే ఈఎస్ఐ కార్డు అడగండి. మీ జీతంలో కట్ అయ్యేది 0.75 శాతమే, ఓనర్ కట్టేది 3.25 శాతం.

చేతిలో డబ్బులు తక్కువుంటే ముందు కళ్లజోడే కొనండి. మేస్త్రీ పనికి కన్నే పెట్టుబడి.