ప్రకటించిన ఖర్చు, భరించవలసిన ఖర్చు

అమెరికాలోని తెలుగు కుటుంబాలలో పిల్లలు పదకొండవ తరగతికి రాగానే రెండు ప్రశ్నలు తలెత్తుతాయి. కోరిన విశ్వవిద్యాలయంలో సీటు లభిస్తుందా? లభిస్తే చదివించగలమా? ఈ రెండింటినీ పరిశీలించడానికి మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, అనగా ఎం.ఐ.టి., చక్కని ఉదాహరణ.

ముందుగా ప్రవేశం. అక్కడ ఏటా మొదటి సంవత్సరంలో చేరేవారు సుమారు 1,100 మంది. ఈ సంఖ్య అంతగా మారదు. దరఖాస్తుల సంఖ్య మారుతుంది. కోవిడ్ కారణంగా 2020లో శాట్ పరీక్ష నిబంధనను సడలించిన తరువాత దరఖాస్తులు పెరిగి, 2022 ప్రవేశాలకు 33,796కు చేరాయి. ఎంపికైనవారు నూటికి నలుగురు. గణితంలో విద్యార్థి సంసిద్ధతను అంచనా వేయడానికి ఆ పరీక్ష అవసరమని భావించి, 2022 మార్చిలో దానిని తిరిగి తప్పనిసరి చేశారు. మరుసటి ఏడు దరఖాస్తులు 26,914కు తగ్గాయి; ఎంపిక శాతం అయిదుకు చేరువయింది. రసాయనిక చర్యలో తక్కువ పాళ్లలో ఉన్న పదార్థమే ఫలితానికి హద్దు గీస్తుంది. ఇక్కడ ఆ హద్దు సీట్ల సంఖ్య. కనుక శాతంలోని హెచ్చుతగ్గులను బట్టి ఆశనిరాశలకు లోనుకావడం సరికాదు.

ఇక ఖర్చు. 2024-25లో ట్యూషన్ ఒక్కటే 61,990 డాలర్లు. వసతి, భోజనం, పుస్తకాలు కలిపితే 85,000 దాటింది. ఈ అంకెను చూసి దరఖాస్తు చేయకుండానే విరమించుకునే కుటుంబాలు ఉన్నాయి. అయితే అక్కడ ఎంపిక సమయంలో కుటుంబ ఆర్థిక స్థితిని చూడరు. ఎంపికైన తరువాత ఆదాయం, ఆస్తులు లెక్కించి, కుటుంబం భరించలేని మొత్తాన్ని సహాయంగా సమకూరుస్తారు. స్వదేశం నుండి నేరుగా వచ్చే విద్యార్థులకూ ఇదే నియమం వర్తిస్తుంది. మార్కులను బట్టి ఇచ్చే స్కాలర్‌షిప్ మాత్రం అక్కడ లేదు.

2024 నవంబరులో ప్రకటించిన విధానం ప్రకారం, 2025 శరదృతువు నుండి, సాధారణ స్థాయి ఆస్తులు కలిగి వార్షికాదాయం 2,00,000 డాలర్లకు లోపున్న కుటుంబాలకు ట్యూషన్ ఉండదు. 1,00,000 లోపయితే తల్లిదండ్రులు వసతి, భోజనాలకు కూడా చెల్లించనక్కరలేదు. ఆదాయం అంతకు మించినవారు, సొంత ఇల్లు కాక ఇతర స్థిరాస్తులు ఉన్నవారు లెక్కను మరింత జాగ్రత్తగా చూసుకోవాలి. స్వదేశంలోని ఇల్లు, పొలం కూడా చూపవలసిన ఆస్తులే.

ఫెడరల్ సహాయం పొందే కళాశాలలన్నీ నికర వ్యయాన్ని అంచనా వేసే సాధనాన్ని అందుబాటులో ఉంచాలన్న నిబంధన 2011 నుండి అమలులో ఉంది. పన్ను పత్రాలు ముందుంచుకుని, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఒక సాయంత్రం ఆ లెక్క చేసి చూడటం మంచిది. దరఖాస్తు చేయాలా వద్దా అన్న నిర్ణయం ఆ తరువాతే తీసుకోవాలి.