పెండ్లిపందిరికి తగిన చోటు

పెండ్లి నూరేండ్ల పంట యని మన పెద్దలందురు. ఆ పంటకు విత్తు పడు చోటు పెండ్లిపందిరి. దానిని ఎచట వేయవలెనను ప్రశ్న ప్రతి గృహస్థునకును కలుగును.

పూర్వము మన పల్లెలలో ఈ ప్రశ్నకు సమాధానము సులభముగా దొరకెడిది. వధువు ఇంటి ముంగిట గుంజలు పాతి, తాటాకు పందిరి వేసి, మామిడాకుల తోరణములు కట్టెడివారు. మగపెండ్లివారికి పొరుగువారి యిల్లే విడిది.

నేటి మాదాపూరును చూడుడు. ఒకప్పుడిది హైదరాబాదు వెలుపల రాతిగుట్టల నడుమ నున్న చిన్న గ్రామము. 1998వ సంవత్సరమున ఇచట సైబర్ టవర్స్ అను భవనము ప్రారంభమయ్యెను. అటు పిమ్మట మేడలు బారులు తీరెను. అంతస్తుపై అంతస్తుగా కట్టిన యిండ్లకు ముంగిలి యెక్కడిది? ముంగిలి లేనిచోట పందిరి యెట్లు పడును? కావున ఇచటివారు పెక్కుమంది కల్యాణమండపములను అద్దెకు తీసికొనుచున్నారు.

మండపము నెన్నుకొనువారు మొదట చూడవలసినది అలంకారము కాదు. వచ్చు బంధువులకు చోటు చాలునా? వృద్ధులు మెట్లెక్కవలసి వచ్చునా? నిప్పంటుకొన్నచో వెలుపలికి పోవుటకు ఒకటికి మించిన ద్వారములు కలవా? బండ్లు నిలుపు తావు కలదా? పనిదినములలో సాయంకాలము మాదాపూరు వీధులు వాహనములతో క్రిక్కిరిసి యుండును. వరుడే వేళకు రాలేనిచో మండపము సొగసు దేనికి?

మరియొక సంగతి కలదు. తెలుగువారి ముహూర్తములు అనేకము రాత్రివేళ వచ్చును. రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు ఆరుబయట ధ్వనివర్ధకములు మ్రోగింపరాదని 2000వ సంవత్సరపు నియమములు సామాన్యముగా శాసించుచున్నవి. మన వేడుక ఇరుగుపొరుగు రోగుల నిద్రను, విద్యార్థుల చదువును చెరుపరాదు గదా!

ఇక వ్యయము. ఒక్క రాత్రి వైభవమునకై అప్పుచేసి, ఏండ్ల తరబడి వడ్డీ కట్టు తలిదండ్రులు కలరు. చట్టము గొప్ప మండపమును కోరుట లేదు. 1955వ సంవత్సరపు హిందూ వివాహ చట్టము ఆచారవిధులను చెప్పినదే కాని స్థలమును నిర్ణయింపలేదు. 1954వ సంవత్సరపు ప్రత్యేక వివాహ చట్టము ప్రకారము వివాహాధికారి కార్యాలయముననే పెండ్లి చేసికొనవచ్చును.

1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన కందుకూరి వీరేశలింగము పంతులు మొదటి వితంతు వివాహమును రాజమహేంద్రవరమున తన యింటనే జరిపించెను. ఊరిలో పలువురు ఎదిరించిరి. వంటవారును, నీరు తెచ్చువారును రాకపోగా, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ తానే నీరు మోసి వంట చేసెను. ఆ యింట ఆడంబరము లేదు. అయినను ఆ పెండ్లి తెలుగునాట చిరస్మరణీయమయ్యెను.

కావున బాలబాలికలారా! వధూవరులు నిర్భయముగా ఒక్కటగునదియు, అతిథులు సుఖముగా కూర్చుండునదియు, ఇల్లు అప్పుల పాలు కానిదియునగు చోటే పెండ్లికి తగిన చోటు.