దూరదర్శినిలోని రెండు అద్దములు

మన వెంకటమ్మనహళ్లి బడికి ఒక దాత పాత దూరదర్శినిని బహూకరించిరి. అది పావగడ నుండి కుదుపుల బస్సులో వచ్చెను. ఆ రాత్రి పిల్లలు వరుసగా నిలిచి గురుగ్రహమును చూడగా, గుండ్రని బింబమునకు బదులు తోక గల మసక మచ్చ కనబడెను. అద్దము చెడినదని తలచి మేము దానిని బీరువాలో పెట్టించితిమి. ఆ తీర్పు తొందరపాటని పిమ్మట తెలిసినది. అద్దము చెడలేదు, దారిలో ఒరిగినది, అంతియే.

ఇట్టి దూరదర్శినిని మొదట నిర్మించినవాడు న్యూటను, 1668లో. గొట్టము అడుగున నున్న పుటాకార దర్పణము నక్షత్రకాంతిని ప్రోగుచేసి పైకి పంపును. మూతి దగ్గర 45 డిగ్రీల వాలుగా నున్న చిన్న సమతల దర్పణము దానిని ప్రక్కకు మళ్లించి అక్షికటకమునకు అందించును. మడవ సరిగా త్రిప్పనిచో నీరు మడికి చేరదు గదా!

సరిచేయు పని పగలు, నీడలో చేయవలెను. గొట్టము సూర్యుని వైపు ఎన్నడును తిరుగరాదు, కన్ను పోవును. గొట్టమును అడ్డముగా పరుండబెట్టవలెను. నిలువుగా నున్నచో చేజారిన పనిముట్టు సూటిగా పెద్ద అద్దముపై పడును. ఆ అద్దము నడుమ చిన్న కాగితపు వలయము అంటించియుండవలెను. ఆ చోటు చిన్న అద్దపు నీడలో నుండును గనుక చూపునకు నష్టము లేదు. అక్షికటకమును తీసి, నడుమ సన్నని రంధ్రము గల మూతను అచ్చట బిగించి, ఆ రంధ్రము గుండ చూడవలెను. మొదట చిన్న అద్దపు మరలను త్రిప్పి, అందులో పెద్ద అద్దము అంచులన్నియు కనబడునట్లును, వలయము నడుమకు వచ్చునట్లును చేయవలెను. పిమ్మట గొట్టము వెనుక నున్న మూడు మరలను కొద్దికొద్దిగా త్రిప్పుచు, రంధ్రపు ప్రతిబింబమును ఆ వలయములోనికి తేవలెను. ఒకరు చూచుచుండగా మరియొకరు త్రిప్పిన సులువు. మాకు మొదటిసారి గంటన్నర పట్టినది; ఏ మర త్రిప్పిన చుక్క ఎటు పోవునో తెలియువరకు విసుగే. ఇప్పుడు ఎనిమిదవ తరగతి బాలికలు పది నిమిషములలో ముగించుచున్నారు.

తుది పరీక్ష రాత్రి, నక్షత్రముతోనే. అద్దము బయటి చల్లదనమునకు అలవాటుపడుటకు అరగంటయైన ఆగి, ధ్రువనక్షత్రమును చూడవలెను. అది ఇంచుమించు కదలదు గనుక పని తేలిక. మన ఊర అది ఉత్తరమున సుమారు 14 డిగ్రీల ఎత్తుననే యుండును. చెట్లు అడ్డురాని చోటు వెదకుకొనవలెను. దృష్టిని కొంచెము తప్పించినచో నక్షత్రము వలయములుగా విచ్చుకొనును. అవి ఏకకేంద్రములైన పని ముగిసినట్లే. ఒక ప్రక్కకు ఒరిగియున్నచో, వెనుక మరలను మరికొంత సవరించి, ప్రతిసారి నక్షత్రమును నడుమకు తెచ్చుకొని చూడవలెను.

జవాది కొండలలోని కావలూరున 1986లో ప్రారంభమైన 93 అంగుళముల దూరదర్శినికిని సూత్రము ఇదియే. నిజాం కళాశాలలో చదివిన వైను బాపు పేరు దానికి పెట్టిరి. దాని పెద్ద అద్దపు నాభ్యంతరము వెడల్పునకు మూడుంబావు రెట్లే. ఈ నిష్పత్తి తగ్గినకొలది సవరింపు సూక్ష్మము కావలెను. మన దానికి ఎనిమిది రెట్లు. కొంత తప్పును సహించును.

ఇప్పుడది బీరువాలో లేదు. శనివారము రాత్రులు బడి మైదానమున నుండును. మొన్న ఒక తండ్రి గురుగ్రహము ప్రక్కన నాలుగు చుక్కలను లెక్కపెట్టి, మరల వరుస చివరకు పోయి నిలిచెను.